నవంబర్ ఒకటో తేదీ పద్దులు

1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన మూడో సెక్షన్‌ను నిదానంగా చదివితే, అందులో కొత్త రాష్ట్రం ఏర్పడుతున్నదన్న మాట ఎక్కడా కనిపించదు. కేరళ, మైసూరు, బొంబాయి, మధ్యప్రదేశ్, రాజస్థాన్, పంజాబ్‌ల విషయంలో ‘కొత్త రాష్ట్రం’ ఏర్పాటు అని స్పష్టంగా పేర్కొన్న ఆ చట్టం, తెలుగువారి దగ్గరికి వచ్చేసరికి హైదరాబాదు రాష్ట్రంలోని ఫలానా ఫలానా ప్రాంతాలు అప్పటికే ఉన్న ఆంధ్ర రాష్ట్రానికి కలుస్తాయని, కలిసిన తర్వాత ఆ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో వ్యవహారంలో ఉంటుందని మాత్రమే చెప్పింది. న్యాయదృష్టితో చూస్తే ఆ ఏడాది నవంబర్ 1న జరిగినవి ఒక కలయిక, ఒక పేరు మార్పు. దాన్నే తెలుగు ప్రభుత్వాలు, పత్రికలు, పాఠ్యపుస్తకాలు ‘అవతరణ’ అన్నాయి. దేవుడు పైనుంచి దిగిరావడాన్ని చెప్పే ఆ పదం ఒక గెజెట్ ప్రకటనకు ఎలా అంటుకున్నదో గాని, అంటుకున్నాక మరి వదలలేదు. అదే రోజును తెలంగాణలో చాలామంది ‘విలీనం’ అన్నారు, మరికొందరు ‘విద్రోహం’ అన్నారు. చట్టం వాడిన క్రియ మాత్రం ‘కలపడం’ ఒక్కటే, తర్వాతి అరవై ఏళ్ల తగాదాకు మూలమంతా ఎవరిని ఎవరిలో కలిపారన్న ప్రశ్నలోనే ఉంది.

తేదీలవారీగా చరిత్ర విశేషాలు ఏర్చికూర్చే పట్టికల్లో నవంబర్ 1 కింద ఎన్నో పద్దులు పక్కపక్కన కనిపిస్తాయి. 1755లో లిస్బన్ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం, 1858లో విక్టోరియా రాణి ప్రకటన, 1897లో దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టుక, 1954లో యానాం చేతులు మారడం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1966లో విశాఖపట్నం కాల్పులు, 1973లో మైసూరు రాష్ట్రం కర్ణాటక కావడం, 2000లో ఛత్తీస్‌గఢ్, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. చూపుకు అవి ఒక జాతివే గాని స్వభావంలో కావు. భూకంపం ఆ రోజును ఎంచుకోలేదు, కవి పుట్టుకా ఎంచుకోలేదు. రాష్ట్రాలు మాత్రం ఆ రోజును ఎంచుకున్నాయి. 1966లో తుపాకీ గుండుకు నేలకొరిగినవారు రాష్ట్రం ఎంచుకున్న పండుగ రోజున తమ ప్రమేయం లేకుండా దొరికిపోయారు. ఈ మూడు రకాల పద్దులనూ విడదీసి చూడకపోతే తేదీల పట్టిక పంచాంగం చివరి పేజీల్లోని శకునాల జాబితాకంటే ఎక్కువేమీ చెప్పదు.

రాష్ట్రాలు పుట్టే రోజును చట్టాల భాషలో ‘నియమిత దినం’ అంటారు, అంటే చట్టం ఎప్పుడు ఆమోదం పొందినా దాని ఫలితం అమల్లోకి రావడానికి ముందే నిర్ణయించి పెట్టిన రోజు. స్వతంత్ర భారతదేశంలో ఈ నియమిత దినాలు పదే పదే నెల మొదటి తేదీనే పడడం యాదృచ్ఛికం కాదు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న, గుజరాత్, మహారాష్ట్రలు 1960 మే 1న, నాగాలాండ్ 1963 డిసెంబర్ 1న, హర్యానా 1966 నవంబర్ 1న వచ్చాయి. ఉద్యోగి జీతం, పింఛనుదారు పింఛను, ఖజానా లెక్క, జైలు రేషను అన్నీ నెలకు కట్టుబడి ఉండే ప్రభుత్వ యంత్రాంగంలో నెల మధ్యన రాష్ట్రాన్ని చీల్చడమంటే ప్రతి జీతాల బిల్లునూ రెండు ముక్కలు చేయడమే. కనుక రాష్ట్రావతరణ దినాన్ని నిర్ణయించడంలో ప్రజా ఉద్యమాలకు ఎంత పాత్ర ఉందో ఖజానా గుమాస్తా సౌకర్యానికీ అంతే పాత్ర ఉందనుకోవచ్చు. ఈ వరుసకు మినహాయింపులూ లేకపోలేదు. 2000లో ఝార్ఖండ్ బిర్సా ముండా జయంతి అయిన నవంబర్ 15ను కోరి తెచ్చుకున్నది, తెలంగాణకు జూన్ 2 నిర్ణయమైంది.

నెల మొదటి రోజుపై ఈ ప్రీతి కొత్తదేమీ కాదు. తెలుగు నేల మీదనే రెండు వేర్వేరు రెవెన్యూ సంవత్సరాలు నడిచాయి. పంట కోతలను అనుసరించి మొగలుల కాలంలో ఏర్పడిన లెక్కల సంవత్సరాన్ని ఫసలీ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ కింది కోస్తా, రాయలసీమ జిల్లాల్లో అది జూలై 1న మొదలవుతుంది. ఆ గ్రామలెక్కలను ఏటా పైఅధికారి సరిచూసి ఖాయం చేసే తంతును జమాబందీ అంటారు. నిజాం రాజ్యంలోనూ ఫసలీయే వాడుక, అయితే అక్కడ ఏడాది అక్టోబర్ తొలి వారంలో ఆజూర్ నెలతో మొదలై దయ్, బహమన్, ఇస్ఫందార్ అంటూ పారసీ నెలల పేర్లతో సాగేది. రెండు ప్రాంతాల రైతులూ ఒకే భాష మాట్లాడి, ఒకే ఉగాది జరుపుకొని, ఒకే శిస్తు మాటను వాడినా, ‘ఈ సాలు’ అన్న మాటకు రెవెన్యూ కచేరీలో మాత్రం రెండు అర్థాలుండేవి. 1956లో కలిపినవి జిల్లాలే అనుకుంటారు గాని, కలపవలసిన లెక్కలు అంతకుమించి ఉన్నాయి.

పంచాంగం ప్రకారం 1956 నవంబర్ 1, గురువారం, దుర్ముఖి నామ సంవత్సర ఆశ్వయుజ బహుళ చతుర్దశి, అంటే నరక చతుర్దశి, మరునాడు దీపావళి. కోస్తాలో ఆ తెల్లవారుజామున తలంటి పోసుకుంటే, తెలంగాణ ఇళ్లలో ఆడపడుచులు అన్నదమ్ములకు మంగళహారతులిచ్చే ఆచారం ఉంది. అంచేత ఆ రోజు హైదరాబాదులో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ కొత్త పేరు గల రాష్ట్రాన్ని ప్రారంభించి, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా పదవి చేపట్టినప్పుడు, సామాన్యుల ఇళ్లలో అప్పటికే ఒక పండుగ నడుస్తున్నది. అయినా ఏడాది తిరిగేసరికి నరక చతుర్దశి మరో తేదీకి జరిగిపోయింది, రాష్ట్రావతరణ దినం నవంబర్ 1నే నిలిచింది. ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ, దసరాలలా తిథినో సంక్రమణాన్నో పట్టుకుని రాకుండా, తేదీని పట్టుకుని వచ్చే పండుగలు తెలుగువారికి ఇరవయ్యో శతాబ్దంలోనే అలవాటయ్యాయి. ఆగస్టు 15, జనవరి 26, తర్వాత ఈ నవంబర్ 1, మూడింటికీ పురోహితుడితో పని లేదు, జెండా స్తంభం, పప్పుబెల్లాలు ఉంటే చాలు.

ఆ తేదీ 1956లో చెరిపిన గీతకు అంతకు 98 ఏళ్ల ముందు అదే తేదీన ముద్ర పడిందన్న సంగతి పెద్దగా ఎవరూ ప్రస్తావించరు. 1858 నవంబర్ 1న గవర్నర్ జనరల్ కానింగ్ అలహాబాదులో విక్టోరియా రాణి ప్రకటనను చదివి వినిపించగా, ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి భారతదేశంలోని కంపెనీ భూభాగాలు నేరుగా బ్రిటిష్ రాచరికం కిందికి వచ్చాయి. 1766 ఒప్పందంతో నిజాం నుంచి కంపెనీకి దక్కిన ఉత్తర సర్కారులు, 1800లో దక్కిన దత్త మండలాలు, అంటే నేటి కోస్తా, రాయలసీమల్లో చాలా భాగం, ఆ రోజుతో రాణి ఏలుబడి కిందికి వచ్చాయి. అదే ప్రకటన దేశీయ సంస్థానాధీశులతో కంపెనీ చేసుకున్న ఒప్పందాలను గౌరవిస్తామని, ఇకపై భూభాగాలను పెంచుకోబోమని హామీ ఇచ్చింది. 1857 తిరుగుబాటులో ఆంగ్లేయుల పక్షాన నిలిచిన హైదరాబాదుకు ఈ మాట అభయం వంటిది. అంతకుముందు 1853లో అప్పుల కింద కంపెనీ పెట్టుకున్న రాయచూరు దోఆబ్‌ను, అంటే కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను, 1860లో బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు తిరిగి ఇచ్చేసింది. అలంపురం, గద్వాల ఉన్న నడిగడ్డ ఈ దోఆబ్‌కు తూర్పు కొస. ఇలా సర్కారుకూ నిజాం ఇలాకాకూ నడుమనున్న సరిహద్దు, అంటే ఒకే భాష మాట్లాడేవారిని రెండు చట్టాలకు, రెండు నాణేలకు, రెండు కచేరీ భాషలకు అప్పగించిన గీత, దాదాపు వందేళ్లపాటు ఎవరూ కదపలేనంత గట్టిపడింది.

దాన్ని చెరపడానికి 1956 చట్టం ఎంత చిన్న తునకల దాకా దిగవలసి వచ్చిందో మూడో సెక్షన్ జాబితాలోనే చూడవచ్చు. హైదరాబాదు, మెదక్, నిజామాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ సెక్షన్, అంచుల దగ్గరికి వచ్చేసరికి తాలూకాలుగా, తాలూకాల్లో సర్కిళ్లుగా చీలిపోయింది. సర్కిల్ అంటే నిజాం రెవెన్యూ పద్ధతిలో గిర్దావరు, అంటే తహశీల్దారు కింద కొన్ని గ్రామాలకు లెక్క చూసే అధికారి, తిరిగే పరిధి. రాయచూరు జిల్లా నుంచి అలంపురం, గద్వాల తాలూకాలు, గుల్బర్గా నుంచి కొడంగల్, తాండూరు, బీదర్ నుంచి నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాదు తాలూకా, న్యాల్‌కల్ సర్కిల్, నాందేడ్ నుంచి బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు తెలుగు వైపు వచ్చాయి. ఆదిలాబాదు జిల్లా వచ్చింది గాని అందులోంచి కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ మరాఠీ వైపు వెళ్లిపోయాయి. భాష ప్రాతిపదిక అన్నారు గాని, భైంసా బజారులో మరాఠీ, జహీరాబాదు సంతలో కన్నడం, తాండూరులో మూడు భాషలూ ఈనాటికీ వినబడతాయి. గిర్దావరు పరిధిని గీతగా పెట్టుకుంటే భాషల సరిహద్దు దొరుకుతుందన్నది కచేరీ నమ్మకమే తప్ప ఆ ఊళ్ల అనుభవం కాదు.

ఆ జాబితాలో అన్నిటికంటే విచిత్రమైన చోటు అలంపురం. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలతో, జోగులాంబ పీఠంతో ప్రసిద్ధమైన ఆ ఊరు తుంగభద్రకు ఎడమ గట్టున ఉండగా, నదికి ఆవలి గట్టున కొద్ది దూరంలోనే కర్నూలు నగరముంది. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ 31 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఒక రాష్ట్ర రాజధాని తన సరిహద్దు నది ఒడ్డునే కూర్చోవడం, ఏరు దాటితే పరరాష్ట్రం కావడం అరుదైన విషయమే. డేరాల్లో కచేరీలు నడిపిన రాజధానిగా కర్నూలు పేరు తెలుగువారి జ్ఞాపకంలో నిలిచింది గాని, సరిహద్దున నిలిచిన రాజధానిగా ఎవరూ చెప్పుకోరు. అక్టోబర్ 31 రాత్రి దాకా రాయచూరు జిల్లాలో ఉన్న అలంపురం, తెల్లవారేసరికి మహబూబ్‌నగర్ జిల్లాలో తేలింది. దాని పాత జిల్లా కేంద్రం మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆ తెల్లవారుజాముతోనే కర్నూలుకు రాజధాని హోదా తీరిపోయింది, సరిహద్దు నది మామూలు ఏరయింది.

ఆ రాత్రితో ముగిసిన పదవి మరొకటి ఉంది. సంస్థానాలు విలీనమైన తర్వాత వాటి పూర్వపు పాలకులకు గవర్నరుతో సమానమైన హోదాగా ఇచ్చిన ‘రాజప్రముఖ్’ పదవి ఏడో రాజ్యాంగ సవరణతో రద్దయింది. 1950 జనవరి 26 నుంచి హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుగా ఉన్న మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1956 అక్టోబర్ 31తో ఆ పదవిని వీడగా, ఆయన ఏలిన రాజ్యం మూడు రాష్ట్రాల మధ్య పంపకమైంది. అసఫ్‌జాహీల వంశం ఏ పాలనా పదవీ లేకుండా మిగిలిన మొదటి రోజు కూడా నవంబర్ 1నే. పట్టికల్లో ఈ పద్దు సాధారణంగా ఉండదు.

ఈ కలయికకు ముందు జరిగిన ఒప్పందాన్ని విడిచిపెట్టి ఆ రోజును అర్థం చేసుకోలేము. ఫజల్ అలీ, హృదయనాథ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్‌లతో కూడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబర్ 30న ఇచ్చిన నివేదికలో, తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే కలపవచ్చునని సూచించింది. రాజకీయ ఒత్తిళ్లు అంత కాలం ఆగనివ్వలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాదు హౌస్‌లో బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒక వైపు, బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు మరో వైపు కూర్చుని కుదుర్చుకున్న అవగాహనకు ‘పెద్దమనుషుల ఒప్పందం’ అన్న పేరు స్థిరపడింది. తెలంగాణ మిగులు ఆదాయాన్ని అక్కడే ఖర్చు చేయడం, ఉద్యోగాల్లో స్థానికులకు, అంటే ముల్కీలకు, రక్షణ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం నుంచి రావడం అందులోని ముఖ్యాంశాలు. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి కుర్చీ ఖాళీగా మిగిలింది. నవంబర్ 1ని విద్రోహ దినమన్నవారి వాదన అంతా మరో ముప్పై ఏళ్లకో నలభై ఏళ్లకో పుట్టినది కాదు, ఆ ఖాళీ కుర్చీతో ఆ మొదటి రోజే మొదలైంది.

ఇంత పెద్ద కలయికలో చేరని తెలుగు ఊరొకటి కాకినాడకు దగ్గర్లోనే, గౌతమీ గోదావరి ఒడ్డున ఉండిపోయింది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి పాదంలో ఫ్రెంచివారు స్థావరం పెట్టుకున్న యానాంలో 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనోద్యమకారులు పాలనను చేజిక్కించుకున్నారు. అదే ఏడాది అక్టోబర్ 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఓటు హక్కు గల 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో చేరాలని, 8 మంది వద్దని ఓటు వేయగా, నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారత ప్రభుత్వానికి వాస్తవంగా బదిలీ అయింది. ‘వాస్తవంగా’ అన్న మాట ఇక్కడ పారిభాషికం. పాలన చేతులు మారినా చట్టం దృష్టిలో సార్వభౌమాధికారం ఫ్రాన్సుదిగానే ఉండి, 1962 ఆగస్టు 16న గాని న్యాయసమ్మతంగా బదిలీ కాలేదు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చినప్పుడు, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానాంకు చుట్టుపట్ల జిల్లాల నుంచి పెళ్లివారు బళ్లు కట్టుకుని వచ్చేవారు, దానితో ఆ ఊరికి కల్యాణపురమన్న మారుపేరు పడింది. సరిహద్దు గీతలు ఎంత అసహజమైనవో, వాటిని జనం ఎంత సహజంగా వాడుకుంటారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర లేదు. 1954లోనే కాక 1956లో కూడా ఆ ఊరు ఆంధ్రలో చేరకుండా కేంద్రపాలితంగానే నిలిచింది, నేటికీ నిలిచే ఉంది. యానాంవాసికి నవంబర్ 1 విమోచన దినం, ఎదుటి ఊరివాడికి రాష్ట్రావతరణ దినం. రోజు ఒకటే, రెండు ఊరేగింపులూ ఒకదానికొకటి తెలియనట్టే సాగిపోతాయి.

పుట్టుకల పద్దుకు వస్తే, తెలుగు సాహిత్యంలో ఆ రోజుకు చెందిన ముఖ్యుడు దేవులపల్లి కృష్ణశాస్త్రి. పిఠాపురం దగ్గరి చంద్రంపాలెంలో, సంస్థానంలో ఆస్థాన పండితులుగా ఉన్న కుటుంబంలో 1897 నవంబర్ 1న ఆయన జన్మించారు. హేవిళంబి నామ సంవత్సరం కార్తికమాసమది, అమావాస్య గడిచి వారమే అయింది కనుక చంద్రుడు పెరుగుతున్న శుద్ధ పక్షం. 1925లో ‘కృష్ణపక్షం’ ప్రచురించి, చంద్రుడు తరిగే పక్షం పేరుతోనే భావకవిత్వానికి, అంటే వ్యక్తి అనుభూతిని కేంద్రంగా పెట్టుకున్న ఆనాటి కొత్త కవిత్వ ధోరణికి, ప్రతినిధిగా నిలిచిన కవి పుట్టినది శుక్లపక్షంలో కావడం ఒక చిన్న వింత. తేదీ మాత్రమే చెప్పే పట్టికలో ఆ వింత కనపడదు, తిథి వేసుకుంటేనే తెలుస్తుంది. ఆ రోజుల్లో ఇళ్లలో పిల్లల పుట్టుకను తిథివార నక్షత్రాలతోనే జాతకాల్లో రాసుకునేవారు, ఇంగ్లీషు తేదీ బళ్లో చేర్పించేటప్పుడు మాస్టారి రిజిస్టరు అడిగితే పుట్టుకొచ్చేది. పందొమ్మిదో శతాబ్దపు తెలుగువారిలో పెక్కుమంది పుట్టిన తేదీల విషయంలో పరిశోధకులు తగువులాడుకోవడానికి కారణం ఇదే. ఆ చింత లేని తరానికి చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 1974లో అదే రోజున హైదరాబాదులో జన్మించాడు, ఆయన పుట్టేనాటికి జనన మరణాల నమోదును దేశమంతటికీ తప్పనిసరి చేసిన 1969 చట్టం అమల్లోకి వచ్చేసింది.

మరణాల పద్దులో, నీలిమందు తోటల్లో రైతులపై దొరల దౌర్జన్యాన్ని ‘నీల్ దర్పణ్’ నాటకంగా రాసిన బెంగాలీ రచయిత దీనబంధు మిత్ర 1873లో, ‘పథేర్ పాంచాలి’ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1950లో ఇదే రోజున కన్నుమూశారు. మరణ దినాన్ని తెలుగువారు రెండు రకాలుగా గుర్తుంచుకుంటారు. ఇంట్లో పిండం పెట్టే తద్దినం తిథిని అనుసరిస్తే, సభలో దండ వేసే వర్ధంతి తేదీని అనుసరిస్తుంది. ఈ ‘వర్ధంతి’ అన్న మాటకు వృద్ధి పొందడమన్న అర్థం గల ధాతువే మూలం కాగా, పక్కనే కన్నడంలో అది నేటికీ పుట్టినరోజునే చెబుతుంది. మైసూరు మహారాజుల వర్ధంతి అంటే వారి జన్మదినోత్సవం. ఒక్క తుంగభద్ర దాటేసరికి ఒక పదం చావు నుంచి పుట్టుకకు మారిపోవడం చూస్తే, ఒకే తేదీని ఒకరు పండుగగా మరొకరు మైలగా పాటించడంలో ఆశ్చర్యపడవలసినదేమీ లేదనిపిస్తుంది.

1966 నవంబర్ 1, మంగళవారం, ఆ రెండూ ఒకే రాష్ట్రంలో ఒకే పూట జరిగాయి. రాష్ట్రానికి పదేళ్లు నిండిన రోజది. దేశంలో ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని బ్రిటిష్, అమెరికన్ నిపుణుల సంఘం 1965లో చెప్పినా, ఆ కర్మాగారాన్ని కోరుకున్న రాష్ట్రాలు చాలా ఉండడంతో కేంద్రం నాన్చుతూ వచ్చింది. 1966 జూలై 1న రాష్ట్ర శాసనసభ కర్మాగారాన్ని విశాఖలోనే పెట్టాలని తీర్మానించింది. అక్టోబర్ 15న గుంటూరు జిల్లా తాడికొండకు చెందిన తమనంపల్లి అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం విద్యార్థుల నోట ఊరూరా పాకింది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలుపెట్టి 58వ రోజున, డిసెంబర్ 15న, ప్రాణం విడిచిన ఘటన అప్పటికి పద్నాలుగేళ్ల నాటిదే కనుక, మరో అక్టోబర్‌లో మరో దీక్ష అనగానే ప్రభుత్వాలకూ ప్రజలకూ ఒకే భయం తగిలి ఉండాలి. పదో అవతరణ దినమైన నవంబర్ 1న విశాఖపట్నంలో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు చనిపోయారు, ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు కోల్పోయారని లెక్క. నవంబర్ 3న కేంద్రం నుంచి వచ్చిన హామీని ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అందించగా అమృతరావు దీక్ష విరమించారు.

హామీ నుంచి ఉక్కు దాకా నడిచిన దారి చాలా పొడుగు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేస్తే, 1992 ఆగస్టు 1న గాని ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేయలేదు. కాల్పుల్లో పోయినవారిలో విద్యార్థి వయసువారుంటే, ఆ నాటికి వారు పిల్లల పెళ్లిళ్ల ఆలోచనలో పడవలసినవారు. ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవ ఉపన్యాసాల్లో పొట్టి శ్రీరాములు ప్రతి ఏటా వస్తారు గాని, ఆ రోజునే, ఆ తేదీనే, ఆ రాష్ట్రం పోలీసుల చేతిలోనే పోయిన విశాఖవారు అంతగా రారు. ఈ పద్దులో కనిపించే పొరపాటు రెండంచుల కత్తి. శ్రీరాములు ప్రాణత్యాగం మద్రాసు నుంచి విడిపోయే ఆంధ్ర రాష్ట్రం కోసం, దాని ఫలం 1953 అక్టోబర్ 1. హైదరాబాదుతో కలయిక ఆయన దీక్షాంశమే కాదు. ఆయన కన్నుమూసి నాలుగేళ్లకు వచ్చిన నవంబర్ 1న ఆయన విగ్రహానికి దండలు వేస్తూ, అక్టోబర్ 1ని దాదాపు పూర్తిగా మరిచిపోయారు. పెద్ద పండుగ చిన్న పండుగను మింగినట్టు, పెద్ద రాష్ట్రపు తేదీ చిన్న రాష్ట్రపు తేదీని, దానితోపాటు దాని అమరుణ్ణి కూడా తనలోకి లాక్కున్నది.

ఇరుగుపొరుగు రాష్ట్రాల్లోనూ నవంబర్ 1 ఏకగ్రీవం కాదు. కన్నడిగులు దాన్ని రాజ్యోత్సవంగా ఎర్ర పసుపు జెండాలతో ఘనంగా జరుపుకొంటుంటే, బెళగావిలో మరాఠీ ఏకీకరణవాదులు అదే రోజు నల్ల జెండాలు ఎత్తుతారు. మలయాళీలకు అది ‘కేరళ పిరవి’, అంటే కేరళ పుట్టుక. తమిళనాడులో 2019లో నవంబర్ 1ని తమిళనాడు దినంగా ప్రకటిస్తే, రెండేళ్లకు మరో ప్రభుత్వం వచ్చి, మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు పెట్టాలని తీర్మానించిన 1967 జూలై 18ని బట్టి జూలై 18కి మార్చింది. చేతికి అందిన తేదీల్లో తన రాజకీయానికి నప్పినదాన్ని ప్రతి ప్రభుత్వమూ ఏరుకుంటుంది, ఆ ఏరుకోవడాన్ని మాత్రం చరిత్ర అంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఏరివేత మరింత చిక్కుపడింది. తెలంగాణ ఉద్యమకాలంలో విద్రోహ దినంగా పాటించిన నవంబర్ 1, 2014 జూన్ 2 తర్వాత అక్కడ ఏ దినమూ కాకుండా పోయింది. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు ఆ రోజు ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం చట్టంలో జవాబు లేదు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తెలంగాణకు జన్మదినమిచ్చింది గాని, పాత పేరుతోనే మిగిలిన రాష్ట్రానికి కొత్తగా ఏ పుట్టినరోజూ ఇవ్వలేదు. కనుక జూన్ 2ను దీక్షల దినంగా జరిపిన ప్రభుత్వం ఒకటి, 2019లో మళ్లీ నవంబర్ 1నే అవతరణ దినంగా మూడు రోజులపాటు జరిపిన ప్రభుత్వం మరొకటి, అక్టోబర్ 1ని ముందుకు తెచ్చే చరిత్రకారులు మరి కొందరు. మూడింటిలో ఏదీ తప్పు కాదు, ఏదీ పూర్తిగా ఒప్పూ కాదు. 1956 చట్టపు వాక్యం ప్రకారం హైదరాబాదు ప్రాంతాలు ‘కలిసిన’ రాష్ట్రం 1953లో పుట్టినదే కనుక, ఆ ప్రాంతాలు విడిపోగా మిగిలినదానికి పుట్టినరోజు వెతకాలంటే పేరు మారిన 1956కు గాక, పేరు మారకముందున్న కర్నూలుకే వెళ్లాలి.

అలంపురం 2014 తర్వాత తెలంగాణలోకి, 2016 అక్టోబర్ 11 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలోకి మారింది. కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయే జాతీయ రహదారి మీద తుంగభద్ర వంతెన దాటగానే ఇప్పుడు మళ్లీ రాష్ట్రం మారుతుంది, రిజిస్ట్రేషన్ పలకలపై అక్షరాలు మారతాయి, దుకాణాల బోర్డుల మీద జిల్లా పేరు మారుతుంది. 1956 అక్టోబర్ 31 సాయంత్రం వరకు ఆ ఏటికి ఉన్న ఉద్యోగమే దానికి తిరిగి దొరికింది.